రెండుసార్లు వేసే తలుపు

కారు తలుపులకు కొత్త రబ్బరు వేయడం, నా చేతులతో నేను చేసిన పనులన్నిటిలోకీ శుభ్రంగా కుదిరిన పని. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేశాను. కట్లు కట్టాను, కుట్లు విప్పాను, చంటిపిల్లల చేతుల్లో దారమంత నరం వెతికి సూది పెట్టాను. అవేవీ ఇంత బాగా కుదరలేదు. నాలుగు తలుపులకూ ఎక్కడా వెంట్రుకంత సందు లేకుండా వేశాను. ఆ పని పూర్తయిన రోజు నుంచి మా అవ్వ, నన్ను కన్నతల్లి, అన్నం ముట్టడం మానేసింది.

అవ్వ పోయి ఇప్పటికి ఎనిమిది నెలలు. నిజామాబాదులో, కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందు రేకుల కింద ఆ కారు అలాగే ఉంది. తలుపులు ఇప్పటికీ మెత్తగా పడతాయి. ఎవరైనా చూసి బాగుందంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకేం తెలుసు, నేనే చెప్పలేదు కదా. అందుకే ఇది రాస్తున్నాను.

అది తెల్ల అంబాసిడర్. మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌కు డ్రైవరు. పాత కార్లు తీసేస్తున్నప్పుడు, తాను నడిపిన దాన్నే కొనుక్కున్నాడు. మేము ఉన్న క్వార్టరుకు కారు పెట్టేంత జాగా లేదు, అయినా కొన్నాడు. అవ్వ నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆమే రోజూ పొద్దున తడిగుడ్డతో దాని అద్దాలు తుడిచేది.

ఆ కారు డ్రైవరు తలుపుకు మొదటి నుంచీ ఒక రోగం ఉంది. రబ్బరు ఎండిపోయి కట్టెలా బిగుసుకుపోవడంతో, ఒక్కసారి వేస్తే పడేది కాదు. ధబ్బుమని తగిలి వెనక్కి వచ్చేది. రెండోసారి మోకాలితో ఒక తోపు తోస్తే ఠక్కుమని పడేది. దొరల తలుపులు పువ్వు పట్టుకున్నట్టు పట్టుకుని వేసే మనిషి, తన తలుపును మాత్రం మోకాలితో తన్నేవాడు. "రబ్బరు మారుస్త, రబ్బరు మారుస్త" అని నలభై ఏళ్లు అన్నాడు. మార్చలేదు. ఆయన దగ్గర నేను కారు నేర్చుకున్నాను, రబ్బరుతో పాటు ఆ మోకాలు తోపు కూడా నాకే వచ్చింది.

బాపు పోయి ఆరేళ్లు దాటింది. ఆ రోజు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానితో ముడిపడి ఉంది.

మా దిక్కు, చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. మేము చర్చికి పోయే వాళ్లమైనా ఈ పద్ధతి మాకూ ఉంది. మట్టి చేసి వచ్చాక చుట్టాలు వాళ్ల ఇళ్లలో వండుకుని తెస్తారు. చనిపోయిన మనిషి సొంతవాళ్లు తమ చేత్తో తినరు, తినకూడదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టాలి. ఆ ముద్ద మింగాకే వాళ్లు మళ్లీ తిండి తినే మనుషుల్లో కలుస్తారు. బోధన్‌లో స్మశానం నుంచి వచ్చాక మా మేనత్త అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ పెదాలు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. మేనత్త ముద్ద అలాగే ఎత్తి పట్టుకుని చాలాసేపు ఉంది. చివరికి అవ్వ నోరు తెరిచింది. పప్పు, అన్నం. ఏడుస్తూనే మొత్తం తిన్నది.

నాకు ఎవరూ పెట్టలేదు. తప్పు వాళ్లది కాదు. టెంటు, కుర్చీలు, శవపేటిక, పాస్టరు గారికి చాయ్, అన్నీ నేనే చూస్తున్నాను. కళ్లలో నీళ్లు లేవు, చేతిలో లిస్టు ఉంది. అలాంటి దానికి ముద్ద కలిపి పెట్టాలని ఎవరికి అనిపిస్తుంది? మేనత్త ఒకసారి నా దిక్కు చూసి, "ఈ పిల్ల గట్టిది" అంది. నేను వంటపాత్రలు తిరిగి ఎవరివి వాళ్లకు అందేలా చూశాను. ఆ రోజు నేనేం తిన్నానో, అసలు తిన్నానో లేదో గుర్తు లేదు.

తర్వాత అవ్వను నా దగ్గరికి తెచ్చుకున్నాను. రెండేళ్లు బాగానే ఉంది. మూడో ఏడు మతిమరుపు మొదలైంది. మొదట గిన్నెలు, తర్వాత రోజులు, తర్వాత మనుషులు. చివరికి బాపు పోయిన సంగతి కూడా మర్చిపోయింది. "మీ బాపు ఏడి?" అని అడిగేది. మొదటిసారి నేను నిజం చెప్పాను. నిజం చెప్పడమే సరైన పద్ధతి అనుకున్నాను, చదువుకున్నదాన్ని కదా. ఆమె అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంది. మూడుసార్లు అలా అయ్యాక బుద్ధి వచ్చి, "డ్యూటీల ఉన్నడు" అనడం మొదలుపెట్టాను. ఆ మాటతో ఆమె నెమ్మదించేది. డ్రైవరు పెళ్లానికి డ్యూటీ అనే మాట కొత్త కాదు.

నేను రిటైరయ్యాక స్టేషను దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో మధ్యాహ్నాలు పని చేసేదాన్ని. ఆ నాలుగు గంటలూ పై పోర్షన్‌లో అద్దెకుండే ఆవిడ వచ్చి అవ్వ దగ్గర కూర్చునేది. ఆవిడ వాళ్లది కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉంటోంది. మా అవ్వ మాట ఆవిడకు సగం, ఆవిడ మాట మా అవ్వకు సగం అర్థమయ్యేది. ఇద్దరికీ కావలసినంత కాలక్షేపం.

అవ్వ పొద్దున చాయ్, రెండు బిస్కట్లు. మధ్యాహ్నం నాలుగు గుక్కల జావ. అన్నం అనేది సాయంత్రమే. నేను ఆరున్నరకు వచ్చి, కారు పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లేసరికి అవ్వ మంచం దిగి చాప మీద కూర్చుని ఉండేది. నేను రెండు కంచాలు పెట్టాలి. ఒకదాని మీద బాపుకని మూత పెట్టించి, రెండోది తన ముందుకు లాక్కుని కడుపునిండా తినేది. మందుల వేళలు కచ్చితంగా పాటిస్తే ఇలాంటి పేషెంట్లు ఎంత బాగా తింటారో అని నేను క్లినిక్‌లో డాక్టరు ముందు గొప్పలు చెప్పుకున్నాను. అంతా నా పెంపకమే అన్నట్టు.

కిందటి ఏడు వానాకాలంలో బాపు పోయిన తేదీకి ఇద్దరం బోధన్ వెళ్లాం. సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. వెనక తలుపు సందులోంచి నీళ్లు కారి అవ్వ భుజం, వీపు తడిసిపోయాయి. నేను ముందు కూర్చుని నడుపుతున్నాను, చూసుకోలేదు. ఆమె చెప్పలేదు. మర్నాడు దగ్గు, మూడో రోజు జ్వరం. పన్నెండు రోజులు ఊపిరి ఎగపోసింది. ఎండాకాలమైతే అదే సందులోంచి దుమ్ము. నాకు ఆ తలుపుల మీద ఎంత కోపం వచ్చిందంటే, జ్వరం తగ్గిన రోజే బోధన్ రోడ్డులో పాత కార్ల రబ్బర్లు అమ్మే దుకాణానికి వెళ్లాను.

దుకాణం ఆయన ముసలాయన, అందరూ ఉస్తాద్ అంటారు. మా బాపును ఎరుగుదును అన్నాడు. ఈ చుట్టుపక్కల పాత అంబాసిడర్ ఉన్న ప్రతివాడినీ ఆయన ఎరుగుదును అనే అంటాడు. రబ్బరును జానలతో కొలిచి ఇస్తూ, "నేనే అచ్చి ఏస్త ఆపా, రెండు గంటల పని" అన్నాడు. ఆపా అంటే ఉర్దూలో అక్క.

"నేనే ఏసుకుంట."

"గిది ఇంజక్షన్ కాదు ఆపా."

"ఇంజక్షన్ కన్న కష్టమా?"

ఆయన నవ్వి, ఎలా వేయాలో చెప్పాడు. "రబ్బర్ను గుంజకు. గుంజినవో, ఇయ్యాల మంచిగనే కనిపిస్తది, ఆర్నెల్లకు ఎనకకు పోయి మూలల కాడ నోరు తెరుస్తది. కింద నడుమల సురు చెయ్, జోడు కిందనే రావాలె. మూలల కాడ కొంచెం ఎక్కువనే ఇయ్యి. ఇంకొక్కటి, కింద సాఫ్ చెయ్యకుండ ఏస్తె నా దగ్గరికి రాకు."

శనివారం క్లినిక్‌కు సెలవు పెట్టి మొదలుపెట్టాను. పాత రబ్బరు ఊడిరాలేదు, పెంకుల్లా విరిగి వచ్చింది. ఇలాంటి చోట్ల పాత జ్ఞాపకాలేవో దొరుకుతాయంటారు. నాకు దొరికింది ఎర్రమట్టి, తుప్పు, వడ్ల ఊక, ఎప్పుడో చచ్చిన చీమల వరుస. మొద్దు చాకుతో పాత జిగురు గీకాను. థిన్నరుతో తుడిచాను. తుప్పు ఉన్న చోట గరుకు కాగితంతో రుద్ది ఎర్ర పెయింటు వేశాను. ఆ రోజంతా దానికే సరిపోయింది.

అవ్వ అక్కడే కుర్చీలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. గింజలు కింద వేసి పొట్టు గిన్నెలో వేస్తోంది. నేను చూసీ ఊరుకున్నాను.

"ఎవరి కారు బిడ్డ?"

"మనదే అవ్వ."

"మీ బాపును అడిగినవా? ఆయన కారు ఎవరన్న ముట్టుకుంటె ఆయనకు నచ్చది."

"ఆయనే చెయ్యమన్నడు."

"ఏమో మరి" అని మళ్లీ కాయలు ఒలుచుకుంది. ఆ మాటకు అప్పుడే నేను ఆగి ఉండాల్సింది అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆదివారం చర్చి నుంచి వచ్చి రబ్బరు ఎక్కించాను. ఉస్తాద్ చెప్పినట్టే కింద నడిమి నుంచి మొదలుపెట్టాను. వేలు వేలుకీ నొక్కుకుంటూ, గుంజకుండా, మూల దగ్గర కొంచెం వదులుగా పోనిచ్చి, చుట్టూ తిరిగి వచ్చి, అర అంగుళం ఎక్కువ ఉండగా కోసి, రెండు కొసలూ ఒకదానికొకటి ఒత్తుకునేలా కలిపాను. అంటుకోకుండా పైన కొంచెం ముఖానికి రాసుకునే పౌడరు పూశాను. చీకటి పడే వేళకు నాలుగు తలుపులూ అయిపోయాయి. ఆ రాత్రంతా రబ్బరు కుదురుకోవడానికి తలుపులు వేసి ఉంచాను. ఆ రెండు సాయంత్రాలూ కంచం అవ్వ ముందు పెట్టి నా పనిలో పడ్డాను, తిన్నదో లేదో చూడలేదు. సోమవారం పొద్దున పాత రబ్బరు ముక్కలన్నీ చుట్టగట్టి మున్సిపాలిటీ చెత్త ఆటోలో పడేసి చేతులు దులుపుకున్నాను.

ఆ రోజు క్లినిక్ దగ్గర డ్రైవరు తలుపు మూడుసార్లు తీసి వేశాను, ఊరికే, సంతోషానికి. మోకాలు అక్కర్లేదు. ఒక్కసారి తోస్తే చాలు, దుప్పట్లో దిండు పడ్డట్టు చిన్న శబ్దం. బాపు ఉంటే చూపించాలనిపించింది. నలభై ఏళ్లు నువ్వు చేస్తానన్నది రెండు రోజుల్లో చేశాను చూడు అని ఆయనతో ఒక మాట అనాలనిపించింది.

ఆరున్నరకు ఇంటికి వచ్చాను. చేతులు కడుక్కుని లోపలికి వెళ్తే అవ్వ మంచం మీదే ఉంది.

"అన్నం తిందువు రా అవ్వ."

"మీ బాపు రానీ."

"అచ్చిండు. కాళ్లు కడుక్కుంటున్నడు."

ఆమె నా భుజం మీదుగా వాకిలి దిక్కు చూసింది. మెల్లగా నా మొహం చూసింది. "అబద్ధాలు నేర్చినవు" అంది.

ఎంత బతిమాలినా తినలేదు. ఒక పూట కదా అనుకున్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు, "సీజన్ సురువైనట్టున్నది, ఇగ ఆయనకు టైముండది" అంది. సీజన్ అంటే చెరుకు ఆడే కాలం. ఆ నాలుగు నెలలూ బాపు ఏ వేళకు వస్తాడో ఎవరికీ తెలిసేది కాదు, ఆమె తినకుండా కూర్చునేది. చెరుకు ఆడేది చలికాలంలో. మేమున్నది ఆగస్టులో. ఆ ఫ్యాక్టరీ పొగ వదిలి ఏళ్లు గడిచాయి. నాకు నవ్వు వచ్చింది కూడా.

తర్వాత నవ్వు రాలేదు. చాయ్ తాగేది, బిస్కట్లు వదిలేసేది. జావ నోట్లో పోస్తే పక్కకు కార్చేసేది. నాకు తెలిసిన విద్యంతా బయటికి తీశాను. నోట్లో పుండ్లున్నాయేమో చూశాను, గొంతు చూశాను, రక్తం తీశాను, మూత్రం పరీక్ష చేయించాను. మందులు మార్చాను. అన్నీ బాగానే ఉన్నాయి, ఆమె మాత్రం తగ్గిపోతోంది. గాజులు మోచేయి దాకా జారుతున్నాయి. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేద్దామన్నాడు. నా సర్వీసులో అలాంటి గొట్టాలు ఎన్ని వేశానో లెక్కలేదు. వేయించుకునేవాళ్లు చేతులు ఎలా కొట్టుకుంటారో కూడా నాకు తెలుసు. ఇంకో రెండు రోజులు చూద్దామండీ అన్నాను.

ఎనిమిదో రోజు సాయంత్రం పై పోర్షన్ ఆవిడ మెట్లెక్కబోతూ ఆగింది. "సిస్టరు గారూ, ఒక మాటండి. నేను పొరపాటు పడుతున్నానేమో. మీ కారు తలుపు చప్పుడు ఇప్పుడు వినపడట్లేదండి."

"కొత్త రబ్బరు వేశాను కదా."

"అదేనండి. ఇదివరకు ఆ చప్పుడు రెండుసార్లు అవ్వగానే అమ్మగారు లేచి కూర్చునేవారు. 'వచ్చిండు' అని జుట్టు సవరించుకుని చాప మీదకి వెళ్లిపోయేవారు. నేను రోజూ చూసేదాన్ని. మీకు తెలుసనుకున్నానండి."

నాకు తెలియదు. నేను లోపలికి వచ్చేసరికి ఎప్పుడూ ఆమె చాప మీదే ఉండేది. లేవడం నేనెన్నడూ చూడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, బోధన్ క్వార్టరులో చిన్నప్పుడు అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని చెప్పేది: "దర్వాజ రెండుసార్లు పడితె మీ బాపు. ఒక్కసారి పడితె పరాయోడు." మేము పిల్లలం ఆ రెండో చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. ఆమెకు మతి తప్పినప్పటి నుంచీ నా మోకాలే రోజూ సాయంత్రం బాపును ఇంటికి తెస్తోంది. నేను ఆ దారి మూసేశాను. వెంట్రుకంత సందు కూడా లేకుండా.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆవిడ నా వీపు నిమిరి పైకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి నా పిచ్చి చేష్టలు మొదలయ్యాయి. తలుపును బలంగా విసిరి వేశాను, కొత్త రబ్బరు ఆ బలాన్నంతా మింగేసింది. డ్రైవరు తలుపు రబ్బరు పీకేశాను. అప్పుడు ఇనుము ఇనుముకు తగిలి చెవులు గింగురుమన్నాయి. లోపల అవ్వ బెదిరిపోయి, "ఎవరో అచ్చిండ్రు, తలుపెయ్ బిడ్డ" అని నా చేయి పట్టుకుంది. గేటు కొట్టాను, ట్రంకు పెట్టె మూత కొట్టాను. నా వంక జాలిగా చూసింది. ఆమె దృష్టిలో ఆ వారం మతి పోయింది నాకే. చెత్త ఆటో అతన్ని అడిగాను. అతను ఊరి బయట కుప్ప పోసే దిక్కుకు చేయి చూపించాడు.

ఉస్తాద్ దగ్గరికి వెళ్లి పాత రబ్బరు కావాలన్నాను, బాగా ఎండిపోయింది. ఆయన నాకు జ్వరం వచ్చిందేమో అన్నట్టు చూశాడు. సంగతంతా చెప్పాక లోపలికి పోయి, ఏదో పాత కారు నుంచి పీకిన ఎండు రబ్బరు తెచ్చి, తానే వచ్చి మా వాకిట్లో వేశాడు. తలుపు వేసి చూశాం. అది వేరే చప్పుడు. మళ్లీ విప్పి, జరిపి, మళ్లీ వేశాడు. నాలుగుసార్లు. చివరికి చేతులు తుడుచుకుంటూ, "రబ్బర్ నా దుకాణంల దొరుకుతది ఆపా. చప్పుడు దొరకది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ పీకిన కొత్త రబ్బరును ఆయనే మళ్లీ పొందికగా వేసి పోయాడు.

ఆ సాయంత్రం నేను అలసిపోయాను. కంచం ముందు పెట్టాను. "మీ బాపు రానీ" అంది. నిన్న కూడా అదే మాట, మొన్న కూడా అదే. నా నోరు జారింది.

"బాపు రాడు అవ్వ. సచ్చిపోయిండు. ఆరేండ్లాయె. నువ్వే మన్ను పోసినవు."

ఆమె మొహం చూస్తుండగానే మారిపోయింది. "ఎప్పుడు?" అంది. ఆరేళ్లు అన్న మాట ఆమెకు ఎక్కలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని గొంతు లేని ఏడుపు ఏడ్చింది. నన్ను నేను తిట్టుకుంటూ పక్కన కూర్చున్నాను. ఏం చేయాలో తోచక, చేయి ఊరుకోక, కంచంలో అన్నం కలిపి ఒక ముద్ద ఆమె నోటి దగ్గరికి తీసుకెళ్లాను. పెదాలు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. నేను ముద్ద అలాగే ఎత్తి పట్టుకున్నాను. కొంతసేపటికి నోరు తెరిచింది.

ఏడుస్తూనే కంచమంతా తిన్నది. ఆ రోజు మేనత్త చేతి నుంచి తిన్నట్టే.

ఆ పద్ధతి ఆమె ఒంట్లో ఎక్కడో ఉంది. నా పేరు పోయింది, తన పేరు పోయింది, అది మాత్రం పోలేదు. మొగుడు ఇంటికి రావాలి, లేదా ఆయన్ని మట్టి చేసి తాను రావాలి. రెండిట్లో ఒకటి జరిగితేనే ఆమె తింటుంది. మొదటిదాన్ని నేను నా చేతులతో పోగొట్టాను, ఇక మిగిలింది రెండోదే.

అలా ఇరవై రోజులకు పైనే, రోజూ సాయంత్రం మా బాపును చంపి మా అవ్వకు అన్నం పెట్టాను. ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. పొద్దునకు ఆమె మర్చిపోయేది. సాయంత్రం నేను మళ్లీ చెప్పాలి. ఒకరోజు "నొప్పి పడ్డడా?" అని అడిగింది. లేదు, నిద్రలోనే అన్నాను. ఇంకోరోజు "నన్నెందుకు పిలువలే?" అని నా మీద చేయెత్తింది. ఇంకోరోజు తెల్లచీర తీయమంది, పాస్టరుకు కబురు పెట్టమంది. ఆసుపత్రిలో ఇలాంటి కబురు చెప్పాలంటే డాక్టర్లు నన్నే పిలిచేవాళ్లు, సిస్టరు చెబితే వాళ్లు తట్టుకుంటారు అని. ఆ నేర్పంతా మా అవ్వ మీద ఖర్చు పెట్టాను. గొట్టం వేసినా ఇంతకన్నా బాధ ఉండేదా అని ప్రతిరోజూ అనుకునేదాన్ని. కానీ ఆమె తింటోంది. గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలిచాయి. దేవుడు నన్ను దీనికి ఏమంటాడో తెలియదు, అడగలేదు కూడా. ఆ రోజుల్లో నేను ప్రార్థన చేయలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం, ఆమె మంచాన పడి చనిపోవడానికి నాలుగు రోజుల ముందు, నేను కంచం పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. "మీ బాపు రానీ" అనలేదు ఆ రోజు. నా వైపు కొత్తగా చూస్తోంది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. నేను చెప్పాలి. మాటలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి, రోజూ చెప్పేవే. కంచం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. కళ్ల నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి, ఆరేళ్లలో మొదటిసారి.

అవ్వ ముందుకు వంగింది. "ఎవరు పోయిండ్రు బిడ్డ, మీ ఇంట్ల?"

"మా బాపు" అన్నాను.

ఆ మాట అప్పటిదాకా నేను ఎవరితోనూ అలా అనలేదు. అందరితోనూ అవ్వ భర్త పోయినట్టే మాట్లాడాను.

"అయ్యో. ఎప్పుడు?"

"గిప్పుడే."

ఆమె నా ఒళ్లోంచి కంచం తీసుకుంది. పప్పు, అన్నం కలిపింది. సగం చాప మీద పడింది. మిగిలినది ముద్ద చేసి నా నోటి దగ్గరికి ఎత్తింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె చేయి దించలేదు.

"తిను బిడ్డ. పొద్దటి సంది నిన్నెవరన్న అర్సుకున్నరో లేదో."

నేను నోరు తెరిచాను. మింగాను. ఇంకోటి పెట్టింది, అదీ మింగాను. చిన్నప్పుడు పెట్టినట్టే, చివర బొటనవేలితో నా పెదవి తుడిచింది.

తర్వాత చేయి ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "మీ అవ్వ ఉన్నదా?"

"ఉన్నది."

"తిన్నదా గామె?"

"తినలే. బాపు అస్తడని కూసున్నది."

"గట్ల ఇడిసిపెట్టద్దు" అంది అవ్వ. కంచం తిరిగి నా చేతిలో పెట్టింది. "ముందు పోయి గామెకు పెట్టు."

నేను చేయి కూడా కడుక్కోలేదు. ఇంకో ముద్ద కలిపి ఆమె నోటి దాకా ఎత్తాను. అవ్వ నోరు తెరిచింది.